మంట రాకూడదు

జమ్మికుంట రైలుగేటు దాటినంక
రైస్‌మిల్లు వెనుక రేకుల షెడ్డు.
అందులో మా డ్రమ్ము, వెయ్యి లీటర్లది,
ఇంత గాలి కూడా చొరబడకుండా మూత బిగించి.
లోపల నూకలు, తవుడు, ముక్కిపోయిన మక్కపిండి,
కుడితి గోలెంలోంచి తెచ్చిన పాత పులుపు,
ఓదెలు ఇంటి పేడగుంటలోంచి రెండు బకెట్ల నలుపు.

చూడ్డానికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న:
"మంటేదమ్మా?"
పేడ గ్యాసు చూసిన కళ్లు కదా,
పైపు చివర వెలిగితేనే పని జరిగినట్టు.
మంట రాకూడదు, అంటాను.
వచ్చిందంటే మన సరుకు పోయినట్టే.
నన్నూ డ్రమ్మునూ మార్చి మార్చి చూసి
ముక్కు మూసుకుని పోతారు.

వాసన నిజమే.
మొదటిరోజు కల్లు.
మూడోరోజు పులిసిన గట్క.
ఆరోరోజుకు చెడిన వెన్న,
గదిలో మేకపోతును కట్టేసినట్టు.
హన్మకొండ బస్సులో నా పక్క సీటు ఖాళీ.
మా అమ్మ నా చున్నీలు విడిగా ఉతుకుతుంది.
నాకు మాత్రం ఆ వాసనే నోట్‌బుక్కు:
ఇది వెనిగరు, ఇది బ్యుటిరిక్కు,
అడుగున సన్నగా చెమటలాంటిది ప్రొపియోనిక్కు.

పిండి విరిగి చక్కెరవుతుంది,
చక్కెర విరిగి పులుపవుతుంది,
పులుపును తినడానికి ఇంకో జాతి కాచుకుని ఉంటుంది,
గాలి సోకితే చచ్చేంత పాతది, మహా నిదానం.
అది తింటే గ్యాసు, గ్యాసైతే మంట.
ఆ బంతి కూర్చోకముందే
విస్తళ్లు ఎత్తెయ్యాలి మేము.
పీహెచ్ ఐదున్నర.
అంత పులుపులో అవి లేవవు.
నా ఉద్యోగమంతా ఆ అర మీద నిలబడింది.

ఓదెలు రాత్రి కావలి.
రెండేళ్ల కింద అతని చుక్కబర్రె
పలుపు తెంచుకుని మిల్లు వాకిట్లో జొరబడి
అరబస్తా నూకలు బుక్కింది.
"పొద్దుగాల జూస్తే కడుపు డోలోలె ఉబ్బింది మేడం.
పండ్లు పటపట కొరుకుతది. నోట్ల ఒకటే పులుపు వాసన.
డాక్టరొచ్చేటాల్లకు కాళ్లు సాపింది.
సోడ ఉప్పు ముందుగాల్నే పోస్తే బతుకుతుండెనట."
అతను చెప్తుంటే నేను
ఊఁ కొడుతూ రీడింగు రాసుకున్నాను.

నాకు డెంగీ వచ్చింది. పన్నెండు రోజులు.
తిరిగొచ్చేసరికి మీటరు ఏడు చూపిస్తోంది.
షెడ్డులో వాసన లేదు.
పైపు చివర అగ్గిపుల్ల పెట్టాను.
పెద్ద చప్పుడేమీ లేకుండా
నీలంగా అంటుకుంది.

గుమ్మంలో ఓదెలు నవ్వుతున్నాడు.
"రాత్రంత గుడగుడ ఒకటే మూలుగుడు మేడం.
పాణం ఆగలే.
గోడకున్న సంచిలకెల్లి పూటకింత సోడ ఉప్పు పోసిన.
ఇగో, నిమ్మలమైంది."

నలభై కిలోల నూకలు, నెల రోజుల లెక్కలు,
మార్చి ఆఖరుకు పంపాల్సిన రిపోర్టు
కళ్ల ముందే మండుతున్నాయి.
తిట్టడానికి నోరు తెరిచాను.
అతని అరచెయ్యి డ్రమ్ము మీద ఆనించి ఉంది,
పశువు డొక్క తడిమినట్టు.
ఆ మంట మీదే చాయ్ పెట్టాను.
పాలు లేవు.

తాగుతూ చెప్పాను:
నీ బర్రెకొచ్చిన రోగమే ఓదెలన్నా
మనకు కావాల్సింది.
కుదిర్తే అది నయం కాకూడదు.
చానాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.
"గా రోగంతోటి ఏం జేస్తరు?"
కొత్తవాడ జంపఖానాల అద్దకానికి కొంత పోతుంది.
గోదాముల్లో మక్కలకు బూజు పట్టకుండా
కొంత చల్లుతారు.
మక్కలనగానే తలెత్తాడు.
"గట్లయితే ఆ సీసల మీద
మా చుక్క పేరు రాయుండ్రి."

సీసాల మీద రాయనివ్వరు.
నా పుస్తకంలో మాత్రం
ఎనిమిదో బ్యాచి నుంచి అదే పేరు.

ఇప్పుడు రాత్రి రీడింగులు ఓదెలువే.
వంకర అక్షరాలు, పెన్సిలుతో, నొక్కి నొక్కి:
మూడు గంటలు. ఐదున్నర.
మూలుగుతుంది.
పొయ్యలే.